‘యాంటీఫ్రాజైల్’ చదివిన 57 రోజులు: నా అనుభవం

జనవరి 5, 2025 ఆదివారం మొదలుపెట్టి మార్చి 2 ఆదివారం ముగించాను. మొత్తం 57 రోజులు. అందులో పుస్తకం తెరిచింది 38 రోజులే. మిగిలిన 19 రోజుల్లో కొన్ని విసుగుతో పోయాయి, కొన్ని దిగులుతో పోయాయి, కొన్ని మాత్రం చదివింది చేసి చూడటానికి పట్టాయి. రిస్కు మీద రాసే నసీం నికొలస్ తాలెబ్ 2012లో వెలువరించిన, దెబ్బలకు ఏది విరుగుతుందో ఏది బలపడుతుందో చెప్పే ఈ పుస్తకం సారాంశం ఎక్కడైనా దొరుకుతుంది. మొదటి పేజీ నుంచి చివరిదాకా కూర్చుని చదివితే ఎక్కడ ఆగిపోతాం, ఎంత సమయం పడుతుంది, మూసేశాక చేతిలో ఏం మిగులుతుంది అన్నది నాకు ముందుగా తెలియలేదు. మొదలుపెట్టబోయేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

సుమారు 500 పేజీలు. ఏడు భాగాలు, వాటిలో 25 అధ్యాయాలు. గంటకు 25 పేజీలు చదవగలనని లెక్క వేసుకున్నాను. కథలున్న చోట అది కుదిరింది. వాదన బిగుసుకున్న చోట గంటకు పదో పన్నెండో పేజీలు, అంతే. రోజుకు గంట చొప్పున పెట్టుకుంటే రెండు నెలలు అనుకోండి. వారంలో అయిపోతుందని కూర్చుంటే మూడో రోజుకే పక్కన పెట్టేస్తారు. ఇంకో సంగతి: పుస్తకం చివర పదకోశం ఉంది. రచయిత తానే పుట్టించిన మాటలు చాలా ఉన్నాయి, వాటన్నిటికీ అర్థాలు అక్కడున్నాయి. నాకది నాలుగో రోజు కనబడింది. మొదటి రోజే ఆ పేజీ దగ్గర ఒక చీటీ పెట్టుకోండి.

మొదటి వారం ఉత్సాహంగా సాగింది. పెళుసుకు వ్యతిరేకం ‘గట్టి’ కాదంటాడు రచయిత. దెబ్బ తగిలితే విరిగేది పెళుసు. దెబ్బ తగిలినా మారనిది గట్టి. దెబ్బ తగిలితే పెరిగేది మూడో రకం, దానికి భాషలో మాటే లేదని ‘యాంటీఫ్రాజైల్’ అనే కొత్తది పుట్టించాడు. ఉదాహరణలు పాత గ్రీకు కథల్లోవి. తల మీద వెంట్రుకకు వేలాడే కత్తి కింద కూర్చున్న డామొక్లిస్ మొదటి రకం. కాలి బూడిదై, మళ్లీ పాత రూపంతోనే లేచే ఫీనిక్స్ పక్షి రెండోది. ఒక తల నరికితే రెండు మొలిచే పాము హైడ్రా మూడోది. రక్తబీజుడి కథ విన్నవాళ్లకు హైడ్రాను వేరే వివరించక్కర్లేదు.

నోటుపుస్తకంలో మూడు గళ్లు గీసి, కనబడిందల్లా ఏదో ఒక గడిలో రాయడం మొదలుపెట్టాను. అక్కడే మొదటి తప్పు జరిగింది. వారం తిరిగేసరికి మూడో గడి నిండిపోయింది. కష్టపడిన ప్రతిదీ బలపడుతుందని రాసేసుకున్నాను. ఆ పేజీ చింపేసి ఎముకతో మళ్లీ మొదలుపెట్టాను. మోసే బరువును బట్టి ఎముక తన కట్టడాన్ని మార్చుకుంటుందని జర్మన్ వైద్యుడు యూలియస్ వోల్ఫ్ 1892లోనే రాశాడు. బరువు తీసేస్తే ఏమవుతుందో వ్యోమగాముల విషయంలో చూశారు: అంతరిక్షంలో బరువు మోసే ఎముకల సాంద్రత నెలకు 1 నుంచి 1.5 శాతం దాకా తగ్గుతుంది. అయితే అదే ఎముకకు విశ్రాంతి ఇవ్వకుండా రోజూ అదే చోట ఒత్తిడి పెడితే సన్నని పగులు వస్తుంది. కాబట్టి దెబ్బ ఒక్కటే చాలదు. దాని కొలత, దాని తర్వాత కోలుకునే వ్యవధి రెండూ ఉంటేనే మూడో గడిలోకి వస్తుంది. నిద్రలేమి, ఎడతెగని ఆందోళన, తీరని అప్పు ఆ గడిలోకి రావు. పుస్తకం ఈ తేడా చెబుతుంది కానీ ఉరుకులాటలో చదివితే జారిపోతుంది. ఆ తర్వాత మూడో గడిలో రాసే ప్రతి మాట పక్కన ‘కోలుకునే సమయం ఎంత?’ అని ఒక ప్రశ్న చేర్చాను. సగం మాటలు అక్కడే కొట్టివేతకు వచ్చాయి.

జనవరి 14కి టర్కీ కోడి దగ్గరికి వచ్చాను. వెయ్యి రోజులు కసాయి దానికి మేత వేస్తాడు. రోజు గడిచేకొద్దీ ఆ మనిషి మంచివాడన్న నమ్మకం పెరుగుతుంది. నమ్మకం బాగా ముదిరిన రోజే కత్తి దిగుతుంది. కథ ముందే తెలుసు. కానీ గీత గీసి చూడటం వేరు. అడ్డంగా రోజులు, నిలువుగా కోడి క్షేమం పెట్టి గీశాను. వెయ్యి చుక్కలూ పైకే, వెయ్యిన్నొకటో చుక్క అట్టడుగున. వెయ్యో రోజున నిలబడి వెనక్కి చూస్తే ఆ గీతలో ప్రమాదపు ఆనవాలు చుక్కంతైనా లేదు. ఆ రాత్రి నిద్ర సరిగా పట్టలేదు. ‘ఇన్నేళ్లుగా ఏమీ కాలేదు’ అని నేను ధైర్యం చెప్పుకునే విషయాలు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి.

అదే అధ్యాయంలో అన్నదమ్ముల కథ కూడా ఉంటుంది. ఒకరు బ్యాంకు ఉద్యోగి, ఒకరు టాక్సీ నడుపుతారు. నెలనెలా ఒకే జీతం వచ్చే మనిషి భద్రంగా ఉన్నట్టు కనిపిస్తాడు, ఉద్యోగం పోయిన రోజు రాబడి సున్నా. రోజూ హెచ్చుతగ్గులు చూసే మనిషికి ఎప్పటికప్పుడు చిన్న హెచ్చరికలు అందుతుంటాయి. వాదనలో బలం ఉంది, కానీ నేను పూర్తిగా ఒప్పుకోలేదు. టాక్సీ నడిపే మనిషికి జబ్బు చేస్తే అతని రాబడి కూడా అదే రోజు సున్నా. రాబడి మారుతూ ఉండటం మంచిదే, ఆ మార్పును మోయడానికి కొన్ని నెలల ఖర్చు చేతిలో ఉంటే.

జనవరి 19న వెనక్కి, నాలుగో అధ్యాయానికి వచ్చాను. ఇక్కడ ఐదు రోజులు ఆగిపోయాను. అర్థం కాక కాదు, మింగుడు పడక. భాగాలు పెళుసుగా ఉంటేనే మొత్తం బలపడుతుందన్నది ఈ అధ్యాయం వాదన. ఒక వ్యాపారం మూతపడితే మిగతావి నేర్చుకుంటాయి. ఒక ప్రమాదం తర్వాతి ప్రయాణాలను క్షేమం చేస్తుంది. 1912 ఏప్రిల్‌లో మునిగిన టైటానిక్‌లో 2,200 మందికి పైగా ఉన్నారు, ప్రాణరక్షక పడవలు 20, వాటిలో చోటు 1,178 మందికి. అప్పటి నిబంధనల ప్రకారం అది తప్పు కూడా కాదు. పోయినవాళ్లు 1,500 మందికి పైనే. 1914లో సముద్ర భద్రతపై అంతర్జాతీయ ఒప్పందం వచ్చింది, ఓడలో ఉన్న అందరికీ పడవల్లో చోటుండాలన్న నియమం వచ్చింది. ఓడ ప్రయాణం అనే మొత్తం బలపడింది, నిజమే. కానీ ఆ 1,500 మంది బలపడలేదు. ‘కష్టాలు మనిషిని రాటుదేలుస్తాయి’ అని మనం తేలిగ్గా అనేస్తాం. రాటుదేలి కనిపించేవాళ్లు మిగిలినవాళ్లు. మిగలనివాళ్లు ఆ మాట చెప్పడానికి లేరు. మొత్తం పుస్తకంలో నన్ను ఎక్కువగా కదిలించిన అధ్యాయం ఇదే. అందుకు రచయితకు రుణపడి ఉన్నాను.

జనవరి 24న మళ్లీ తెరిచాను. నాలుగో భాగం ఎక్కువ మందిని ఆపేసే చోటని నా అంచనా. ఎంపిక చేసుకునే వీలు ఎంత విలువైనదో చెప్పడానికి ప్రాచీన గ్రీకు తత్వవేత్త థేలీస్ నుంచి విశ్వవిద్యాలయాల దాకా తిరుగుతుంది. ఆర్థికవేత్తలనూ ఆచార్యులనూ దులిపేసే పేజీలు చాలా ఉన్నాయి. ఆ కోపంలో నిజం ఉన్నా, ఒకే దెబ్బ పదిసార్లు కొట్టినట్టు ఉంటుంది. పన్నెండు రోజుల్లో 60 పేజీలు కూడా నడవలేదు. అప్పుడొక పని చేశాను: నాలుగో భాగం వదిలేసి ఐదో భాగానికి దూకాను. దీనివల్ల నష్టమేమీ లేదు. ఐదో భాగం చదివాక వెనక్కి వస్తే నాలుగోది మూడు రోజుల్లో అయిపోయింది, ఎందుకంటే దాని వెనకున్న లెక్క అప్పటికి చేతికొచ్చింది.

ఆ లెక్క 18వ అధ్యాయంలో ఉంది. ఒక రాజు కొడుకు మీద కోపంతో అతణ్ని పెద్ద బండతో కొట్టిస్తానని శపథం చేస్తాడు. తర్వాత పశ్చాత్తాపపడతాడు. బండను గులకరాళ్లుగా పగలగొట్టి ఒక్కొక్కటీ విసరమని మంత్రి సలహా ఇస్తాడు. బరువు అంతే, శపథమూ నెరవేరింది, కొడుకూ బతికాడు. పెళుసుతనానికి కొలత ఇదే: ఒక్కసారిగా పడిన దెబ్బ, అంతే మొత్తాన్ని ముక్కలుగా పంచిన దెబ్బల కన్నా ఎక్కువ నష్టం చేస్తే ఆ వస్తువు పెళుసు. ప్రమాదం ఎప్పుడొస్తుందో, ఎంత సంభావ్యతో తెలియక్కర్లేదు. ఏది విరుగుతుందో ఇప్పుడే, ఇక్కడే కొలవచ్చు.

కొలిచే పద్ధతి నోటుపుస్తకంలో ఇలా రాసుకున్నాను. ఒక అంకె తీసుకోవాలి. దాన్ని 10 శాతం చెడగొట్టి నష్టం రాయాలి. ఇంకో 10 శాతం, మళ్లీ ఇంకో 10 శాతం చెడగొట్టి రాయాలి. ప్రతి అడుగులో నష్టం సమానంగా ఉంటే ఫర్వాలేదు. అడుగు అడుగుకూ పెరుగుతుంటే అక్కడ పగులు ఉంది. రాబడి 100 అనుకోండి, తప్పని ఖర్చులు 80. రాబడి 90కి పడితే మిగులు 20 నుంచి 10. 80కి పడితే మిగులు సున్నా. ఇప్పటిదాకా రెండు అడుగులూ సమానమే, మనకేమీ కాలేదనిపిస్తుంది. 70కి పడితే పది అప్పు. ఇక్కడి నుంచి వడ్డీ మొదలు, వచ్చే నెల తప్పని ఖర్చు 80 కాదు, అంతకన్నా ఎక్కువ. మూడో అడుగు లోతు మొదటి రెండు అడుగుల్లో కనబడదు. తప్పని ఖర్చులు 60 అయితే ఆ అంచు 40 శాతం దూరానికి జరుగుతుంది. రాబడి పెంచుకోవడం కన్నా ఆ 80ని తగ్గించడం ఎందుకు ముందు చేయాలో నాకు ఆ మూడు వరుసల్లో తెలిసింది.

సగటు మోసం కూడా చేత్తో లెక్క వేస్తేనే ఎక్కుతుంది. నాణెం ఎగరేస్తే బొమ్మకు ఉన్న సొమ్ము 60 శాతం పెరుగుతుంది, బొరుసుకు 50 శాతం తగ్గుతుంది. సగటున ప్రతి ఆటకూ 5 శాతం లాభం. ఉన్నదంతా పెట్టి వరుసగా ఆడండి. ఒక బొమ్మ, ఒక బొరుసు పడితే 100 కాస్తా 160, అక్కడి నుంచి 80. పది బొమ్మలు, పది బొరుసులు పడేసరికి 11 కూడా ఉండదు. సగటు లాభం అబద్ధం కాదు. అది వెయ్యి మంది తలా ఒకసారి ఆడితే వచ్చే సగటు, ఒక్క మనిషి వరుసగా ఆడితే వచ్చేది కాదు. ‘నూరేళ్లకోసారి వచ్చే వరద’ కూడా ఇలాంటిదే. ఏటా 1 శాతం అవకాశమంటే 30 ఏళ్లలో కనీసం ఒకసారి వచ్చే అవకాశం 26 శాతం.

ఇక చేసి చూసిన పనులు. ఫిబ్రవరి 15 శనివారం, బ్యాకప్, అంటే ఫైళ్లకు తీసి ఉంచే నకలు. నాకు ప్రతి ఆదివారం రాత్రి దానంతటదే 2 టెరాబైట్ల బయటి డిస్క్‌కు బ్యాకప్ అయ్యే ఏర్పాటు ఉంది. ప్రతి సోమవారం పచ్చ టిక్కు చూసి తృప్తి పడేవాణ్ని. ఆ రోజు డిస్క్‌ను వేరే కంప్యూటర్‌కు పెట్టి మొత్తం వెనక్కి తీశాను. అదే కంప్యూటర్‌లో చేస్తే పరీక్ష కాదు, పోయేది ఆ కంప్యూటరే కదా. 310 గిగాబైట్లు తిరిగి రావడానికి గంటా 50 నిమిషాలు. వేర్వేరు ఏళ్ల నుంచి 20 ఫైళ్ల పేర్లు ముందుగానే కాగితం మీద రాసుకున్నాను. 17 తెరుచుకున్నాయి. మూడు అసలు లేవు. ఆ మూడూ గత 14 నెలలవి.

కారణం చిన్నది. 14 నెలల కింద నేను ఒక ఫోల్డర్ పేరు మార్చాను. బ్యాకప్ ప్రోగ్రామ్ పాత పేరునే వెతికింది. అక్కడ ఏమీ లేకపోతే ‘మారిన ఫైళ్లు: 0’ అని రాసి, పని పూర్తయిందని టిక్కు పెట్టింది. ఆ టిక్కు అబద్ధం చెప్పలేదు, దాని అర్థం నేననుకున్నది కాదు. అసలు ఫైళ్లు భద్రంగానే ఉన్నాయి, ఏదీ పోలేదు. అయినా పది నిమిషాలు చేతులు చల్లబడి కూర్చున్నాను. నా టర్కీ కోడి 14 నెలలుగా పచ్చ టిక్కులు లెక్కపెట్టుకుంటూ ఉంది. ఇప్పుడు టిక్కు చూడను, రెండు వైపులా ఫైళ్ల సంఖ్య, మొత్తం పరిమాణం పోల్చి చూస్తాను. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల్లో, ఒకటి వేరే చోట అనే పాత నియమానికి మారాను.

ఇది నా ఒక్కడి సంగతే కాదని తర్వాత చదివితే తెలిసింది. 2017 జనవరి 31న, ప్రోగ్రామర్ల కోడ్ దాచిపెట్టే గిట్‌ల్యాబ్ అనే సంస్థలో ఒక ఇంజనీర్ పొరపాటున అసలు డేటాబేస్‌నే చెరిపేశాడు. ఐదు రకాల బ్యాకప్ ఏర్పాట్లున్నా అవసరానికి ఏదీ నమ్మకంగా పనిచేయలేదు. అనుకోకుండా ఆరు గంటల ముందు తీసిన ఒక నకలు ఉండబట్టి బయటపడ్డారు, సుమారు ఆరు గంటల డేటా పోయింది. జరిగింది జరిగినట్టు వాళ్లే బయటపెట్టారు, అందుకు మెచ్చుకోవాలి. 2011 మార్చి 11న జపాన్‌లోని ఫుకుషిమా దాయిచి అణువిద్యుత్ కేంద్రంలో భూకంపానికి బయటి కరెంటు పోయాక డీజిల్ జనరేటర్లు అనుకున్నట్టే అందుకున్నాయి. సునామీ అల వచ్చాక ఒకటి తప్ప అన్నీ ఆగిపోయాయి, చాలావరకు నేలమట్టానికి దిగువ గదుల్లో ఉండటంతో నీట మునిగాయి. మిగిలింది 6వ యూనిట్‌కు చెందిన, గాలితో చల్లబడే జనరేటర్. అది వేరే భవనంలో ఉంది. ఒకే నీటికి మునిగేవి పది ఉన్నా ఒకటి ఉన్నట్టే.

ఫిబ్రవరి 22 ఉదయం 8 గంటలకు ఫోన్ ఆపేసి, మర్నాడు 8 దాకా తెరవకూడదనుకున్నాను. ఫోన్ పోయిందనుకుని అన్ని ఖాతాల్లోకి మళ్లీ లాగిన్ కావడం పరీక్ష. ఈమెయిల్ ఫోన్‌కు వచ్చే కోడ్ అడిగింది. దానికి బదులు, ఫోన్ లేనప్పుడు వాడటానికి ముందే ఇచ్చే రికవరీ కోడ్లు వాడదామంటే అవి ఆ ఈమెయిల్‌లోనే భద్రంగా ఉన్నాయి. తాళంచెవి పెట్టెలో పెట్టి పెట్టెకే తాళం వేసినట్టయింది. బ్యాంకు ఓటీపీ అదే సిమ్‌కు. గుర్తున్న ఫోన్ నంబర్లు రెండే. పది గంటలకల్లా ఒక్క సిమ్ మీద ఎన్ని ఆధారపడి ఉన్నాయో కాగితం మీద లెక్క తేలింది: పదకొండు. గాలిలో దీపం పెట్టి దేవుడా నీదే భారం అన్న సామెతకు నేను సరిగ్గా సరిపోయాను. మిగిలిన 22 గంటలు దాన్ని సరిచేసే ఏర్పాట్ల జాబితా రాయడానికి సరిపోయాయి. రికవరీ కోడ్లు కాగితం మీద రెండు చోట్ల. ఐదు ముఖ్యమైన నంబర్లు కాగితం మీద, నోటికి కూడా. ఈమెయిల్‌కు ఫోన్ అవసరం లేని రెండో మార్గం ఒకటి.

ఆరో భాగం, తీసివేయడం గురించి. ఏదైనా బాగుపడాలంటే కొత్తది చేర్చడం కన్నా చెడ్డది తీసేయడం నమ్మదగినదంటాడు. ఇది ఖర్చులకు, పనులకు, వస్తువులకు చక్కగా పనిచేస్తుంది. వైద్యం మీద రాసిన అధ్యాయాలు మాత్రం జాగ్రత్తగా చదవండి. చిన్న సమస్యకు పెద్ద చికిత్స వద్దు, ప్రాణం మీదికి వస్తే వెనకాడవద్దు అన్నంత వరకు బాగుంది. ఆ ఊపులో వాడుతున్న మందు ఆపేయడం ఎవరూ చేయకూడదు. ఏ జబ్బు చిన్నదో ఏది పెద్దదో తేల్చాల్సింది డాక్టరు.

చివరి భాగంలో ప్రాచీన బాబిలోన్ రాజు హమ్మురాబి శాసనం వస్తుంది. కట్టిన ఇల్లు కూలి యజమాని చనిపోతే కట్టినవాడికి మరణశిక్ష. శిక్ష క్రూరం. కానీ పునాదిలో ఏం దాచాడో కట్టినవాడికి తెలిసినంతగా ఏ తనిఖీదారుకీ తెలియదన్నది అందులో ఉన్న గ్రహింపు. నాకు సలహా ఇచ్చేవాళ్లను ఆ తర్వాత ఒకే ప్రశ్న అడుగుతున్నాను: ఇది తప్పయితే మీకేం పోతుంది? ఈ ప్రశ్నకు ఇబ్బంది పడనివాళ్లు తక్కువ.

మార్చి 2న పుస్తకం మూసేసరికి మూడు గళ్ల నోటుపుస్తకంలో మూడో గడి దాదాపు ఖాళీ, మొదటి గడిలో 23 అంశాలు. మూడు నెలల్లో వాటిలో 14 రెండో గడిలోకి మార్చగలిగాను. జూన్ 1 ఆదివారం బ్యాకప్ పరీక్ష మళ్లీ పెట్టాను. 20 ఫైళ్లకు 20 తెరుచుకున్నాయి. ఫోన్ లేకుండా ఈమెయిల్ కూడా తెరిచాను, మొదటి కాగితంతో వెంటనే అయింది. రెండో చోట దాచిన కాగితంతో ప్రయత్నిస్తే ఒక్క కోడూ పనిచేయలేదు. మార్చిలో కొత్త కోడ్లు తీసినప్పుడు పాతవి చెల్లకుండా పోయాయి, నేను మార్చింది మొదటి కాగితం ఒక్కటే. రెండోది ఆ రోజే తిరగరాసి, రెండు కాగితాల మీదా తేదీ వేశాను.